గోడ బీటలో ముందు సిమెంటు కాదు, పెన్సిల్ గీత

ఈ నెల పాత ఇళ్ల ప్రశ్నలే తీసుకున్నాం. వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే కథ: గోడ బీటిచ్చింది, మేస్త్రీ పూశాడు, ఏడాది తిరక్కుండా అక్కడే మళ్లీ బీటిచ్చింది. ఫొటోలు పంపినవాళ్లకు థ్యాంక్స్. కాకపోతే బీట ఒక్కదాన్నే దగ్గర్నుంచి తీసి పంపకండి, గోడ మొత్తం కనబడేట్టు తీయండి. బీట ఎక్కడ మొదలై ఎటు పోయిందో తెలియకుండా జవాబు చెప్పడం, చెయ్యి పట్టుకోకుండా నాడి చెప్పడం లాంటిదే.

ప్రశ్న: సార్, మాది నంద్యాల దగ్గర పల్లె. 1978లో మా మామగారు కట్టించిన ఇల్లు. ఇటుక గోడలు, పైన స్లాబు, కింద అంతా నల్లరేగడి. ఈశాన్యం గదిలో కిటికీ మూల నుంచి మెట్లు మెట్లుగా పైకి బీట పోయింది. మూడుసార్లు సిమెంటు పూయించాం, ఆగలేదు, ఇప్పుడు దాని పక్కన ఇంకోటి వచ్చింది. ఒక కంపెనీవాళ్లు వచ్చి చూసి ఇంటి చుట్టూ పైల్స్, అంటే భూమిలోకి లోతుగా దించే కాంక్రీటు స్తంభాలు వేయాలి, తొమ్మిది లక్షలవుతుంది అన్నారు. గోడకు ఆరడుగుల్లో వేపచెట్టుంది, దాన్ని కొట్టేయమని అందరూ అంటున్నారు. ఈశాన్యం పల్లంగా ఉంటే వాస్తుకు మంచిదే కదా వదినా అని మా మరిది జోకు. నాకు మాత్రం రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. – ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ముందు నిద్రపోండి. మీరు పంపిన ఫొటోల్లో గోడ వాలలేదు, స్లాబు గోడ మీంచి జారలేదు, బీట కూడా పైన వెడల్పుగా ఉండి కిందికొచ్చేసరికి దారమంత అయిపోయింది. అంటే ఇల్లు కూలుతోందని కాదు, ఆ మూల మిగతా ఇంటితో కలిసి ఉండకుండా కిందికీ పైకీ ఆడుతోందని.

ఎందుకాడుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు, మీ పొలమే చెబుతుంది. ఏప్రిల్‌లో చేనుకి వెళ్తే నెర్రెల్లో చెయ్యి దూరుతుంది. ఆగస్టులో అదే చేను చెప్పులు ఊడదీస్తుంది. ఆ మట్టిలో మాంట్‌మోరిలోనైట్ అనే బంకమన్ను ఉంటుంది, నీళ్లు తాగితే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుపోతుంది. ఇంటి నడిమధ్య కింద ఉన్న మట్టికి ఎండా తగలదు, వానా తగలదు, అది ఏడాది పొడుగునా దాదాపు ఒకే తేమతో ఉంటుంది. బయటి గోడల కింద, ముఖ్యంగా మూలల కింద మట్టి మాత్రం రెండు వైపుల నుంచీ ఎండి, రెండు వైపుల నుంచీ తడుస్తుంది. అందుకే మూల వేసవిలో దిగుతుంది, వానల్లో లేస్తుంది. మీ వేపచెట్టు వేసవిలో ఆ మూల దగ్గరే నీళ్లు పీలుస్తుంది కాబట్టి అక్కడ ఇంకాస్త ఎక్కువ.

ఇప్పుడు మీ మూడు పూతల సంగతి. మే నెలలో బీట బాగా తెరుచుకుని కనబడుతుంది, భయమేస్తుంది, మేస్త్రీని పిలుస్తాం, వాడు గట్టి సిమెంటు కూరేస్తాడు. సెప్టెంబరుకల్లా మట్టి ఉబ్బి మూల పైకి లేస్తుంది, బీట మూసుకోవాలి, కానీ మూసుకోడానికి చోటేదీ? సిమెంటు అడ్డం. దాంతో గోడ పక్కన బలహీనంగా ఉన్నచోట ఇంకోటి పగులుతుంది. ఈ తప్పు మా నాన్నగారి ఇంట్లో నేనే చేశాను. ఇంజనీరింగ్ పాసైన కొత్తలో, పెద్ద తెలిసినవాడిలా, బీట నిండా ఒకటికి మూడు సిమెంటు మాలు కూరాను. ఆ వానాకాలం పక్కన రెండు కొత్త బీటలొచ్చాయి, తలుపు గడియ పడటం మానేసింది. నాన్న నన్నేమీ అనలేదు, ఆకురాయి తీసుకుని గడియ రంధ్రాన్ని అరగదీసుకుని ఊరుకున్నారు.

కాబట్టి మీరు ముందు చేయాల్సింది సిమెంటు పని కాదు. బీట పై చివరా కింది చివరా ఎక్కడ ఆగిందో అక్కడ పెన్సిల్‌తో అడ్డగీత గీసి పక్కన తేదీ రాయండి. బీటకు అటూ ఇటూ రెండు చిన్న మేకులు గట్టిగా దిగ్గొట్టి, వాటి మధ్య దూరం నెలకోసారి వెర్నియర్ కాలిపర్‌తో కొలిచి క్యాలెండర్ మీద రాసిపెట్టండి. డిజిటల్‌ది కొన్ని వందల్లోనే వస్తుంది. అదీ కుదరకపోతే ఏటీఎం కార్డు చాలు, దాని మందం 0.76 మిల్లీమీటర్లు. ఒక కార్డు దూరిందా, మూడు కలిపి దూరాయా చూసుకోండి. ఒక వానాకాలం, ఒక వేసవి గడిస్తే సంగతి తెలిసిపోతుంది. తెరుచుకుని మూసుకుంటుంటే మట్టి ఆట. మూసుకోకుండా నెలనెలా పెరుగుతూనే ఉంటే అది వేరే జబ్బు, అప్పుడు స్ట్రక్చరల్ ఇంజనీరుని ఇంటికి తీసుకురావాల్సిందే. మట్టి ఎంత ఉబ్బే రకమో తెలుసుకోవాలంటే దగ్గర్లోని పాలిటెక్నిక్ లేదా ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబుకి పునాది లోతు నుంచి తీసిన మట్టి ఇవ్వండి. చాలా సింపుల్ టెస్టు: పది గ్రాముల ఎండుమట్టి నీళ్లలో, ఇంకో పది గ్రాములు కిరోసిన్‌లో వేసి 24 గంటలు ఉంచుతారు. కిరోసిన్‌లో మట్టి ఉబ్బదు, నీళ్లలో ఉబ్బుతుంది, ఆ తేడాయే లెక్క. ఈరోజుల్లో కిరోసిన్ దొరకడమే కష్టం గానీ వాళ్ల దగ్గర ఉంటుంది.

ఈ ఏడాదిలోపు నీళ్ల సంగతి చూడండి, అసలు పని అదే. స్లాబు మీద నీళ్ల గొట్టం ఎక్కడ వదులుతోంది? మీ రెండో ఫొటోలో అది సరిగ్గా ఆ మూలలోనే, గోడకు జానెడు దూరంలో నేల మీదికి వదిలేసి ఉంది. దాన్ని పైపు వేసి దూరంగా తీసుకెళ్లండి. బట్టలుతికే బండ, అంట్లు తోమే చోటు, ఇంకుడు గుంత, ఇవేవీ గోడ పక్కన వద్దు. తర్వాత ఇంటి చుట్టూ కనీసం ఐదారడుగుల వెడల్పున బయటికి వాలు ఉండేట్టు కాంక్రీటు చప్టా వేయించండి, దాని కింద ఒక అడుగు నల్లమట్టి తీసేసి మొరం వేసి దిమ్మిస కొట్టించండి. చప్టాకీ గోడకీ మధ్య సందును తారుతోనో సీలెంట్‌తోనో మూయాలి, ఆ సందు వదిలేస్తే చప్టా మొత్తం వేస్టు. దీంతో గోడ కింద మట్టి వానకి ఒకలా, ఎండకి ఒకలా మారడం బాగా తగ్గుతుంది.

చెట్టు కొట్టకండి. కనీసం ఇప్పుడే కొట్టకండి. ఇన్నేళ్లుగా ఆ వేప పీల్చి ఎండబెట్టిన మట్టి, చెట్టు పోగానే మెల్లగా నీళ్లు తాగి ఉబ్బడం మొదలుపెడుతుంది, కొన్నేళ్లపాటు ఉబ్బుతూనే ఉంటుంది, అప్పుడు గోడ ఇంకో దిక్కుకి పగులుతుంది. కొమ్మలు ఏటా కొంత కొట్టిస్తూ ఉంటే నీళ్ల వాడకం తగ్గుతుంది.

చప్టా వేశాక ఒక ఏడాది చూసి, ఆట తగ్గిందని మేకుల లెక్క చెబితే అప్పుడు గోడను కుట్టించండి. కుట్టడమంటే బీట అంతటా ప్రతి నాలుగో ఇటుక వరసలో జాయింటును రెండంగుళాల లోతు గీకి, దుమ్ము కడిగి, ఆరు మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ స్టీలు చువ్వని బీటకు రెండు పక్కలా కనీసం అరమీటరు చొప్పున పడుకోబెట్టి మాలుతో మూసేయడం. తర్వాతే పైన చికెన్ మెష్ కొట్టి పూత. మామూలు ఇనుప చువ్వ పెడితే పదేళ్లలో తుప్పు ఉబ్బి అదే కొత్త బీట తెస్తుంది, అక్కడ పిసినారితనం వద్దు.

ఇక పైల్స్. పైల్స్ చెడ్డవని కాదు. నల్లరేగడిలో కొత్త ఇల్లు కడితే కింద ఉల్లిగడ్డలా ఉబ్బు ఉండే అండర్ రీమ్డ్ పైల్స్ చాలా మంచి పద్ధతి, రూర్కీలోని సెంట్రల్ బిల్డింగ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు మన మట్టి కోసమే అభివృద్ధి చేశారు. మట్టి తేమ రుతువుతో మారే లోతు దాటి దిగాలని మూడున్నర మీటర్లకు తక్కువ కాకుండా వేస్తారు. కానీ ఉన్న ఇంటి పక్కన గుంటలు తీసి పైల్స్ పోసినంత మాత్రాన గోడ వాటి మీద కూర్చోదు. ఆ కంపెనీవాళ్లని ఒక్క ప్రశ్న అడగండి: "గోడ బరువు పైల్ మీదికి ఎలా దిగుతుంది, బొమ్మ గీసి చూపించండి." గోడ కింద దూర్చే కాంక్రీటు బీములు గీసి, లెక్క చూపిస్తే మాట్లాడుకోండి. "అదంతా మేం చూసుకుంటాం మేడం" అంటే మంచినీళ్లిచ్చి పంపించేయండి.

ప్రశ్న: మేం డల్లాస్ పక్కన ప్లేనోలో 1984లో కట్టిన ఇల్లు కొన్నాం. బెడ్‌రూమ్ తలుపు ఆగస్టులో పట్టేస్తుంది, జనవరిలో బాగానే పడుతుంది. బయట ఇటుకల్లో మెట్ల బీట ఉంది. పక్కింటి పెద్దాయన వేసవిలో ఫౌండేషన్‌కి నీళ్లు పెట్టు అంటున్నాడు. మొక్కకు పెట్టినట్టు ఇంటికి నీళ్లేంటండీ? – ఒక పాఠకుడు, టెక్సస్

జవాబు: పెద్దాయన మాట వినండి. మీరు నల్లరేగడి వదిలి అంత దూరం వెళ్లి మళ్లీ నల్లమట్టి మీదే ఇల్లు కొన్నారు! డల్లాస్ చుట్టుపక్కల బ్లాక్‌లాండ్ ప్రయరీ అనే నేల ఉంది, గుణంలో మన రేగడికి స్వయానా చుట్టం. మీ ఇల్లు నేల మీద పరిచిన కాంక్రీటు పలక మీద ఉంటుంది. వేసవిలో పలక అంచుల కింద మట్టి ఎండి ముడుచుకుంటే అంచు దిగుతుంది, తలుపు చట్రం వంకర పోతుంది, తలుపు పట్టేస్తుంది.

పైన నంద్యాల ఆవిడకి నీళ్లు దూరం పెట్టమని చెప్పి మీకు నీళ్లు పెట్టమంటున్నాడేంటి అనుకోకండి. రెండు చోట్లా కావలసింది ఒకటే, ఇంటి కింద తేమ ఏడాదంతా ఒకేలా ఉండటం. చెమ్మ కారే సోకర్ హోస్ పైపును పునాదికి అడుగు, అడుగున్నర దూరంలో ఇంటి చుట్టూ పరిచి, వానల్లేని వారాల్లో కొంచెం కొంచెంగా పెట్టండి. ఒకవైపే పెట్టడం, మట్టికీ పునాదికీ మధ్య తెరుచుకున్న సందులోకి పైపు వదలడం రెండూ తప్పే. తర్వాత పలక కింద నీళ్ల పైపు కారుతోందేమో ప్లంబర్‌తో ప్రెషర్ టెస్టు చేయించండి, పాత ఇళ్లలో అది ఉంటుంది. ఇటుకల బీట చూసి కంగారు పడకండి, అక్కడి ఇళ్లలో చాలావాటికి ఇటుక బయటి తొడుగు మాత్రమే, బరువు మోసేది లోపలి చెక్క ఫ్రేము. రిపేరు కంపెనీని పిలిచేముందు, ఏ కంపెనీతోనూ సంబంధం లేని ఇంజనీరుకి ఫీజిచ్చి లెవెల్స్ తీయించండి, అంటే ఇంటి నేల ఎక్కడ ఎంత దిగిందో కొలిపించండి. ఫ్రీ ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినవాడికి ప్రతి ఇంటికీ పియర్స్ (పునాది కింద దించే స్తంభాలు) అవసరంగానే కనబడతాయి.

ప్రశ్న: భీమవరం. 1985 నాటి ఇంటికి 2015లో వెనక బాత్రూమ్, పైకి మెట్లు కలిపాం. పాత గోడా కొత్త గోడా కలిసేచోట పైనుంచి కిందదాకా తిన్నగా ఒకటే బీట, వేలు పడుతుంది. ఇల్లు పడిపోతుందా?

జవాబు: ఇల్లు పడదు, బాత్రూమ్ దిగుతోంది. మీ పాత పునాది ముప్పై ఏళ్లు ఆ డెల్టా బంకమట్టిలో దిగాల్సినంత దిగి స్థిరపడింది. కొత్తది ఇప్పుడు దిగుతోంది, పైగా మెట్ల బరువు దాని మీదే వేశారు. రెండిటినీ చువ్వలతో కలిపి కుట్టాలని ఎవరైనా అంటే వద్దనండి, దిగేది నిలబడిందాన్ని కూడా లాగుతుంది. ఆ బీటను బీటగానే ఒప్పుకుని జాయింటుగా మార్చుకోండి: తిన్నగా కోసి, లోపల ఫోమ్ తాడు పెట్టి, సాగే పీయూ (పాలీయురెథేన్) సీలెంట్ నింపి, పైన అల్యూమినియం పట్టీని ఒక్క వైపే స్క్రూలు బిగించి కప్పేయండి. రెండు వైపులా బిగిస్తే ఆ పట్టీయే వంగిపోతుంది. అంతకంటే ముందు బాత్రూమ్ డ్రైనేజీ పైపు ఆ జాయింటు దగ్గర విరిగిందేమో చూడండి. విరిగి ఉంటే నీళ్లన్నీ పునాదిలోకే పోతున్నట్టు. పక్క చేలో కొత్తగా చేపల చెరువు తవ్వారని చివర్లో ఒక ముక్క రాశారు, అసలు సంగతి చివర్లో రాస్తే ఎలా అండీ! గట్టు మీ ఇంటికి ఎంత దూరం, చెరువు లోతెంత, నీళ్లు తోడేసినప్పుడు బీట పెరుగుతోందా, ఈ మూడూ రాయండి, వచ్చే నెల విడిగా చెబుతాను.

ప్రశ్న: మా తాతల నాటి మిద్దె ఇల్లు అనంతపురం జిల్లాలో ఉంది. రాతి గోడలు, మట్టి కట్టుబడి, పైన దూలాలు, చౌడుమట్టి కప్పు. ఐదేళ్ల కింద బయటంతా సిమెంటు ప్లాస్టరింగ్ చేయించి రంగులేశాం, చూడ్డానికి బాగుంది. ఇప్పుడు పడమటి గోడ మధ్యలో కడుపు వచ్చినట్టు ఉబ్బింది. మా పెదనాన్న ఏమీ కాదంటాడు, మేస్త్రీ కూలగొట్టేద్దాం అంటాడు. ఎవరి మాట వినాలి?

జవాబు: ఇద్దరిదీ వద్దు. కానీ ఈ ఉత్తరం చదివాక ఆ గోడ వైపు మంచం ఉంటే ఈ రాత్రికే జరపండి. ఈ నెల ప్రశ్నల్లో నాకు నిజంగా టెన్షన్ పెట్టింది ఇదొక్కటే.

రెండడుగుల మందం రాతి గోడ ఒకే గోడలా కనబడుతుంది, నిజానికి అవి రెండు గోడలు. లోపలి వైపు ఒక వరస, బయటి వైపు ఒక వరస, మధ్యలో చిన్నరాళ్లు, మట్టి. పూర్వం మంచి ఒడ్డెవాళ్లు కట్టినప్పుడు అక్కడక్కడా గోడ మందమంతా ఈ ముఖం నుంచి ఆ ముఖానికి వెళ్లే పొడుగు రాయి వేసి రెండిటినీ కట్టేసేవారు. అవి వేయని గోడల్లో మధ్య మట్టి తడిసి జారినప్పుడల్లా కిందికి దిగి, మొద్దును చీల్చే మేకులా రెండు ముఖాలనూ విడదీస్తుంది. అదే మీకు కనబడే కడుపు. 1993 సెప్టెంబర్ 30న మహారాష్ట్రలో కిల్లారి భూకంపం వచ్చినప్పుడు వేలమంది నిద్రలోనే పోయింది ఇలాంటి మట్టి కట్టుబడి రాతి గోడల కిందే. మన దగ్గర భూకంపం కూడా అక్కర్లేదు, వారం రోజుల ముసురు చాలు.

సిమెంటు ప్లాస్టరింగ్ దీనికి ఎలా సాయపడిందంటే, ఇదివరకు గోడలోకి చేరిన చెమ్మ మట్టిపూతలోంచి ఆవిరై పోయేది. మీరు బయట గట్టి చొక్కా తొడిగారు. పైనుంచీ కిందనుంచీ నీళ్లు లోపలికైతే వెళ్తున్నాయి, బయటికి దారి లేదు, మధ్య మట్టి పచ్చిగానే ఉండిపోతోంది. రంగు కింద బొబ్బలు, గోడ మొదట్లో తెల్లటి ఉప్పు పూత కనబడుతూ ఉండాలే, చూడండి.

రెండోది కప్పు. ఏటా వానలకు ముందు చౌడుమట్టి పోస్తారు, పాతది తీయరు. నలభై ఏళ్లలో ఎంత మందమైందో ఒక మూల గునపంతో తవ్వి చూడండి. అడుగు మందం ఉంటే చదరపు అడుక్కి సుమారు 45 కిలోలు, పది బై పన్నెండు గది మీద ఐదు టన్నుల పైమాటే. తడిస్తే ఇంకా ఎక్కువ. ఆసరా పెట్టగానే చేయాల్సింది అదే, పైనుంచి ఎక్కువ మట్టిని కొంచెం కొంచెంగా, గది అంతటా సమానంగా దించడం. ఒకవైపే గుట్ట పెట్టకండి.

దానికంటే ముందు ఆసరా. లోపల దూలాల కింద గోడకు రెండడుగుల ఇవతల అడ్డం దుంగ వేసి, సరుగుడు బాదులో ఇనుప జాకీలో బిగించి కప్పు బరువు గోడ మీంచి తీయండి. బయట ఏటవాలు బాదులు పెట్టండి. కింద పలక లేకుండా బాదును వట్టి నేల మీద నిలబెడితే తొలి వానకి అది దిగిపోయి ఆసరా కాస్తా ఉత్తుత్తిదవుతుంది. ఉబ్బిన ముక్కను మళ్లీ లోపలికి నొక్కడం కుదరదు, ఎవరైనా జాకీతో నొక్కుతానంటే దగ్గరకు రానివ్వకండి. ఆ ముక్కను మాత్రమే, మూడు నాలుగడుగుల వెడల్పున ఒక భాగం తర్వాత ఒకటిగా పైనుంచి విప్పి, అవే రాళ్లతో, మట్టి సున్నంతో, రెండడుగుల ఎత్తుకోసారి, నాలుగడుగుల కంటే ఎడం లేకుండా పొడుగు రాయి వేసి తిరిగి కట్టించాలి. గోడ ఉబ్బని చోట్ల విప్పక్కర్లేదు. చేత్తో మెల్లగా రాళ్లు తీసి గోడ మందమంతా మూడంగుళాల రంధ్రం చేసి, రెండు చివర్లా కొక్కెం వంచిన ఎనిమిది మిల్లీమీటర్ల చువ్వ పెట్టి కాంక్రీటు నింపితే అదే పొడుగు రాయి పని చేస్తుంది. డ్రిల్లింగ్ మిషన్ పెట్టి దడదడలాడించకండి. చివరికి సిమెంటు పూత తీసేసి సున్నం పూత. మీ పెదనాన్న దీనికి మాత్రం తప్పకుండా సంతోషిస్తాడు.

ఇదంతా లెక్కలు లేకుండా మేస్త్రీ చేతికి వదిలేసే పని కాదు, పాత కట్టడాలు చేసిన ఇంజనీరు ఒకరు పక్కన నిలబడాలి.

ప్రశ్న: గుంటూరులో మా అమ్మానాన్నల ఇల్లు 1969లో కట్టింది. పక్క స్థలంలో అపార్ట్‌మెంటుకి సెల్లారు తవ్వుతున్నారు, మా ప్రహరీకి ఆనుకుని పది అడుగుల లోతు. నిన్నటి నుంచి హాలు గచ్చులో, గోడలో వెంట్రుకంత బీటలు. బిల్డర్‌ని అడిగితే అవి పాతవే అంటున్నాడు. మాకు పెద్దగా గొడవలు చేతకాదు.

జవాబు: గొడవ అక్కర్లేదు, కాగితం కావాలి. ఈరోజు పేపర్ పట్టుకుని ప్రతి బీట పక్కనా పెట్టి ఫొటో, ఇల్లంతా నడుస్తూ ఒక వీడియో తీయండి. బీటల చివర్ల పెన్సిల్ గీతలు, తేదీలు. తర్వాత మున్సిపల్ టౌన్ ప్లానింగ్ విభాగానికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి, ఒక కాపీ బిల్డర్‌కి రిజిస్టర్ పోస్టులో పంపండి. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం ప్రకారం పక్క నేల మీ నేలకు సహజంగా ఇచ్చే ఆసరా మీ హక్కు. కట్టిన ఇంటికి కూడా ఇరవై ఏళ్లు అడ్డూ అదుపూ లేకుండా ఆ ఆసరా అందుతూ వస్తే అదీ హక్కవుతుంది. మీది యాభై ఏళ్లు దాటింది. నోటీసు ఎలా ఇవ్వాలో లాయర్ చెబుతాడు.

బిల్డర్‌తో మాట్లాడేటప్పుడు పరిహారం మాట ఎత్తకండి, పని మాట ఎత్తండి. మీ వైపు అంచు మొత్తం ఒకేసారి తెరిచి ఉంచడమే ఇక్కడ ప్రమాదం. ఆ అంచును నాలుగైదడుగుల ముక్కలుగా, ఒకటి విడిచి ఒకటి తవ్వుతూ, తవ్వినచోట వెంటనే కాంక్రీటు గోడ పోసుకుంటూ పోవాలి. ఇప్పటికే అంతా తవ్వేసి ఉంటే ఈ సాయంత్రంకల్లా అంచుకు ఆనించి మట్టి తిరిగి పోయించండి, ఇసుక బస్తాలైనా సరే. గుంటలో నిలిచిన నీళ్లు మోటారు పెట్టి తోడేస్తుంటే దాంతోపాటు మట్టి కొట్టుకొస్తోందేమో, అంటే నీళ్లు బురదగా ఉన్నాయేమో చూడండి. ఉంటే అది మీ పునాది కింది మట్టే. తలుపులు ఒక్కసారిగా పట్టేయడం, గోడలోంచి టప్ టప్ మని చప్పుళ్లు, పెచ్చులు రాలడం మొదలైతే అమ్మానాన్నల్ని తీసుకుని బయటికి వచ్చేయండి, సామాన్ల సంగతి తర్వాత.

ప్రశ్న: ఖమ్మం. 2024 డిసెంబర్ 4 పొద్దున ములుగు వైపు భూకంపం వచ్చినప్పుడు మా ఇల్లు ఊగింది. తర్వాత చూస్తే పై అంతస్తులో స్లాబు కింద, గోడ పైన చుట్టూ అడ్డంగా బీట. ఇది భూకంపం బీటేనా?

జవాబు: ఆ రోజు వచ్చింది 5.3 తీవ్రత, ఈ ప్రాంతానికి పెద్దదే. 1969లో భద్రాచలం దగ్గర వచ్చిన 5.7 తర్వాత గోదావరి లోయలో అంతటిది మనం చూడలేదు. అయినా మీ బీట దానిది కాకపోవచ్చు. ఆ పొద్దున అందరూ జీవితంలో మొదటిసారి తమ గోడల వైపు సరిగ్గా చూశారు, అంతే.

టార్చి పట్టుకుని బీట లోపలికి చూడండి. అంచులు నల్లబడి, దుమ్ము, సాలెగూడు, పాత రంగు లోపలికి కారిన మరక ఉంటే అది ఏళ్లనాటిది. అంచులు పదునుగా, లోపల ఇటుక ఎర్రగా తాజాగా ఉంటే కొత్తది. ఊపుకి వచ్చే బీట ఎక్కువగా కిటికీల మధ్య గోడలో ఇంటూ గుర్తులా వస్తుంది. స్లాబు కింద అడ్డంగా చుట్టూ వచ్చేది ఎండ బీట. పది మీటర్ల స్లాబు ముప్పై డిగ్రీలు వేడెక్కితే మూడు మిల్లీమీటర్లు సాగుతుంది, కింద గోడ అంత సాగదు, ఇద్దరికీ పొత్తు కుదరక మధ్యలో విడిపోతుంది. ఖమ్మం ఎండలకి ఇది రాకపోతేనే వింత. స్లాబు మీద తెల్లటి కూల్ రూఫ్ పెయింటో సున్నమో వేయించండి, బీటలో సాగే సీలెంట్ నింపండి. ఇంటూ గుర్తు బీటలు కూడా ఉంటే మాత్రం ఫొటో పంపండి.

ప్రశ్న: పిట్టగోడలో రావిమొక్క మొలిచింది, కొట్టకూడదంటోంది అమ్మ. – తెనాలి

జవాబు: కొట్టకండి, తీసి నాటండి. బెత్తెడున్నప్పుడే చుట్టూ మాలు గీకి వేరుతో సహా లాగితే వస్తుంది, గుడి దగ్గరో చెరువుగట్టు మీదో పెట్టేస్తే అమ్మ కూడా ఏమీ అనదు. పైన ఆకులు మాత్రం తుంచేస్తే ఆర్నెల్లకి రెట్టింపై వస్తుంది, చేతి మందం అయ్యాక పిట్టగోడ విప్పకుండా దాని వేరు తీయలేరు. ఆ రంధ్రాన్ని వెంటనే మూసేయండి, వర్షం నీళ్లు అందులోంచే స్లాబులోకి దిగుతాయి.